తెర చాటు సాయం: ఆన్‌లైన్ చదరంగంలో విశ్వసనీయత సమస్య

చదరంగం నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఈనాడు ఏదో ఒక దశలో కంప్యూటర్ సాయం తీసుకుంటున్నారు. ఆడిన ఆటను ఇంటికి వచ్చాక ఇంజన్‌కు, అంటే ఎత్తులను లెక్కగట్టి వాటి మంచిచెడ్డలు తేల్చే ప్రోగ్రాముకు చూపించి ఎక్కడ పొరబడ్డారో తెలుసుకోవడం, ప్రారంభపు ఎత్తులను దానితో సరిచూసుకుని కంఠస్థం చేయడం గ్రాండ్‌మాస్టర్ల నుంచి బడిపిల్లల వరకు అందరికీ దినచర్య అయింది. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. ఆట నడుస్తుండగా ఆ సాయం అందినప్పుడే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే చదరంగంలో ఒప్పందం ఒక్కటే: బల్ల మీద పడే ప్రతి ఎత్తూ ఆడుతున్న మనిషి తలలోనే పుట్టాలి. హాల్లో ఎదురెదురుగా కూర్చుని ఆడేటప్పుడు ఈ ఒప్పందానికి ఆర్బిటర్, అంటే పోటీ న్యాయనిర్ణేత, ప్రత్యర్థి, చుట్టూ ఉన్న జనం కాపలా. కర్నూలు జిల్లా ఆదోనిలో ఒక గదిలో కూర్చున్న విద్యార్థి బ్రెజిల్‌లోనో పోలండ్‌లోనో ఉన్న మరొకరితో ఫోన్ మీద ఆడుతున్నప్పుడు ఆ కాపలా ఉండదు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసేది ఒక మారుపేరు, ఒక రేటింగ్ అంకె, తెర మీద కదిలే పావులు మాత్రమే. ఆ పావులను కదుపుతున్నది ఎవరో ఎలా నమ్మాలి, నమ్మకం కుదరనప్పుడు తీర్పు చెప్పవలసినది ఎవరు, తప్పుగా అనుమానానికి గురైనవారికి దిక్కేది అన్న మూడు ప్రశ్నలు గత కొన్నేళ్లుగా చదరంగ లోకాన్ని వేధిస్తున్నాయి. వీటిలో మూడోదాన్ని అందరూ చివర్లో తలచుకుంటారు గాని, చిన్న ఊళ్ల ఆటగాళ్ల దృష్టితో చూస్తే అదే అన్నిటికంటే ముందుండవలసినది.

మనిషికీ యంత్రానికీ మధ్య ఏర్పడిన అంతరం ఎంతటిదో తెలిస్తే గాని సమస్య తీవ్రత అర్థం కాదు. 1997 మే నెలలో న్యూయార్క్‌లో ఐబీఎం సంస్థ తయారుచేసిన డీప్ బ్లూ ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను 3.5–2.5 తేడాతో ఓడించినప్పుడు ఆ పని చేయడానికి ప్రత్యేకంగా నిర్మించిన భారీ యంత్రం కావలసి వచ్చింది. 2008లో మొదలైన స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 2020లో దానికి నాడీజాలం, అనగా అసంఖ్యాకమైన స్థితులను చూసి నేర్చుకున్న గణన పద్ధతి, తోడయ్యాక అది మరింత పదునెక్కింది. ఆటగాళ్ల బలాన్ని కొలిచే ఎలో రేటింగ్‌లో, ఇద్దరి అంకెల తేడాను బట్టి గెలుపు అవకాశాన్ని అంచనా వేస్తారు. ఆ కొలతలో మానవుడు అందుకున్న శిఖరం 2014లో మాగ్నస్ కార్ల్‌సన్ సాధించిన 2882 కాగా, ఇంజన్లను వాటి మధ్యనే ఆడించి కట్టే అంచనాలు 3500 దాటిపోయాయి. మామూలు స్మార్ట్‌ఫోన్‌లో నడిచే ఇంజన్ కూడా ప్రపంచ విజేతను సునాయాసంగా ఓడించగలదు. క్రికెట్‌లో నిషిద్ధ ఉత్ప్రేరకం వాడినా బంతిని కొట్టవలసినది ఆటగాడే, కాని చదరంగంలో యంత్రం చెప్పిన ఎత్తును అలాగే వేస్తే ఆటంతా యంత్రానిదే అవుతుంది.

ఇంటర్నెట్ ఆట విస్తరించక ముందూ మోసాలు జరిగాయి. 2006 చివర్లో ఢిల్లీలో జరిగిన ఒక పోటీలో ఒక భారతీయ ఆటగాడు టోపీలో బ్లూటూత్ పరికరం కుట్టించుకుని బయటి నుంచి ఎత్తులు వింటూ పట్టుబడగా అఖిల భారత చెస్ సమాఖ్య అతనిపై పదేళ్ల నిషేధం విధించింది. 2010లో ఖాంటీ మాన్సీస్క్ ఒలింపియాడ్‌లో ఫ్రాన్స్ జట్టు వ్యవహారంలో ఇంటి దగ్గర కూర్చున్న ఒకరు ఇంజన్ చెప్పిన ఎత్తులను ఫోన్ సందేశంగా పంపడం, జట్టు శిక్షకుడు హాల్లో ఫలానా బల్ల వెనుక నిలబడి ఆ ఎత్తును సూచించడం బయటపడింది. 2015లో దుబాయ్‌లో, 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో మరుగుదొడ్డిలో దాచిన ఫోన్లు ఇద్దరు గ్రాండ్‌మాస్టర్ల బిరుదులను పోగొట్టాయి. ఈ ఉదంతాలన్నిటిలో ఒక పరికరమో, ఒక సందేశమో, ఒక ఛాయాచిత్రమో చేతికి చిక్కింది కనుక తీర్పు చెప్పడం తేలికైంది. ఆన్‌లైన్ ఆటలో అలాంటి వస్తువు దొరకదు. దొరికేది ఆడిన ఎత్తుల జాబితా, ఒక్కో ఎత్తుకు పట్టిన సమయం, అంతే.

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ మొదలయ్యాక హాళ్లు మూతపడి చదరంగం మొత్తంగా తెర మీదికి చేరింది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఆ ఏడాది తొలిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ నిర్వహించింది. తెలుగువారికి ఆ పోటీ ప్రత్యేకంగా గుర్తుండదగినది, ఎందుకంటే విదిత్ గుజరాతీ నాయకత్వంలోని భారత జట్టులో గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ముగ్గురూ ఉన్నారు; పోలండ్‌తో సెమీఫైనల్ సమంగా ముగిసినప్పుడు ఆర్మగెడాన్ అనే నిర్ణాయక ఆటలో, అంటే డ్రా అయినా నల్లపావులవారినే విజేతగా పరిగణించే ఒక్క ఆటలో, మోనికా సోకోపై గెలిచి భారత్‌ను ఫైనల్‌కు చేర్చినది హంపి. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్ ఆడుతుండగా ప్రపంచమంతటా ఇంటర్నెట్ సేవలకు అంతరాయం కలిగింది. నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌ల సంబంధం తెగిపోయి సమయం అయిపోయినట్టు నమోదు కాగా, భారత్ అప్పీలు చేసుకుంది, ఫిడే అధ్యక్షుడు రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు. అంతకు ముందు క్వార్టర్ ఫైనల్‌లో ఆర్మేనియా ఆటగాడి సంబంధం తెగినప్పుడు మాత్రం వారి అప్పీలు చెల్లలేదు, ఆ జట్టు నిరసనగా తప్పుకుంది. ఆన్‌లైన్ ఆటలో ఫలితం మీది నమ్మకం మోసం లేనంత మాత్రాన నిలబడదని, తీగ తెగినా కరెంటు పోయినా అది ప్రశ్నార్థకం అవుతుందని ఈ రెండు ఘటనలు చూపాయి. కరెంటు కోత, బలహీనమైన సిగ్నల్ మధ్య ఆడే ఎమ్మిగనూరు, పత్తికొండ పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు; ఓడిపోయే స్థితిలో ఉన్నప్పుడు సంబంధం తెగితే ప్రత్యర్థి దాన్ని ఎగవేతగా భావిస్తాడు, అలాంటివి పదేపదే జరిగితే ఆట నడిపే ఆన్‌లైన్ వేదిక కూడా ఆ ఖాతాను అనుమానంగా చూస్తుంది.

ఇప్పుడు పట్టుకునే పద్ధతులు. ఆన్‌లైన్ వేదికలు ఎన్నో సూచికలను కలిపి చూస్తాయి. మొదటిది ఎత్తుల పోలిక: ఆటగాడు వేసిన ఎత్తుల్లో ఎన్ని ఇంజన్ మొదటి ఎంపికతో కలిశాయి, కలవని చోట ఎంత నష్టపోయాడు అన్న లెక్క. ఈ నష్టాన్ని బంటు విలువలో నూరో వంతు చొప్పున కొలుస్తారు. రెండోది కాలం. నిజాయితీగా ఆడే మనిషి తన గుర్రాన్ని తీసిన పావును తిరిగి తీయడానికి ఒక్క క్షణం తీసుకుంటాడు, పావును బలివ్వాలా వద్దా అన్న చోట నిమిషం తల పట్టుకుంటాడు. పక్కన మరో ఫోన్‌లో స్థితిని ఎక్కించి జవాబు చూసుకునేవాడు మాత్రం తేలిక ఎత్తుకూ కఠినమైన ఎత్తుకూ ఒకేలా ఏడెనిమిది సెకన్లు తీసుకుంటాడు. ఇది చూసే కన్నున్నవారికి ఇట్టే కనబడే ఆనవాలు. మూడోది ఆట నడుస్తుండగా తెర మీద మరో కిటికీకి వెళ్లి రావడం వంటి ప్రవర్తన. నాలుగోది ఆటగాడి చరిత్ర. లీచెస్ అనే ఉచిత వేదిక తన ప్రోగ్రాములన్నిటినీ బహిరంగంగా ఉంచి, అనుమానిత ఖాతాలను వడగట్టడానికి యంత్రాభ్యాస పద్ధతులను వాడుతుంది. నియమం తప్పినవారి చేతిలో ఓడినవారికి పోయిన రేటింగ్ పాయింట్లను తిరిగి ఇస్తుంది. వాణిజ్య సంస్థ అయిన చెస్ డాట్ కామ్ తన పద్ధతుల వివరాలను రహస్యంగా ఉంచుతుంది. 2020లో ఆ సంస్థ రోజుకు 500కు పైగా ఖాతాలను ఈ కారణంగా మూసివేస్తున్నట్టు ప్రకటించింది.

ఇక్కడ ఒక అపోహను విప్పి చెప్పడం అవసరం, ఎందుకంటే ఊరూరా కోచింగ్ కేంద్రాల్లో, తల్లిదండ్రుల వాట్సాప్ గుంపుల్లో పుట్టే నిందలకు ఎక్కువగా అదే మూలం. ఆట ముగియగానే తెర మీద ‘కచ్చితత్వం 96 శాతం’ అన్న అంకె కనబడుతుంది. దాన్ని చూసి ఓడినవారు గెలిచినవారిని అనుమానిస్తారు. నిజానికి ఆ అంకె ఆటగాడి బలాన్ని చెప్పదు, ఆ ఒక్క ఆట ఎంత సులువుగా సాగిందో మాత్రమే చెబుతుంది. ప్రారంభంలో పది పన్నెండు ఎత్తులు ఇద్దరూ కంఠస్థం చేసినవే అయి, పదిహేనో ఎత్తులో ప్రత్యర్థి మంత్రిని ఊరకే వదిలేసి, మరో అయిదెత్తుల్లో ఆట విడిచిపెడితే, గెలిచినది పదేళ్ల పిల్లవాడైనా కచ్చితత్వం తొంభై దాటుతుంది. అదే పిల్లవాడు అరవై ఎత్తుల పాటు కాస్త తక్కువ స్థితిని కాపాడుకుంటూ వీరోచితంగా డ్రా చేసుకుంటే ఆ అంకె ఎనభైకి దిగవచ్చు. ఒక్క ఆటలోని ఒక్క శాతాన్ని పట్టుకుని ఎవరినీ దొంగ అనడానికి వీల్లేదు.

గణాంకశాస్త్రంలో గట్టిగా నిలిచే పరీక్షను రూపొందించినవారిలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయ కంప్యూటర్ సైన్స్ ఆచార్యులు, స్వయంగా ఇంటర్నేషనల్ మాస్టర్ అయిన కెన్నెత్ రీగన్ ముఖ్యులు. ఫలానా రేటింగ్ ఉన్న ఆటగాడు ఫలానా స్థితుల్లో ఇంజన్ ఎంపికతో సగటున ఎన్నిసార్లు ఏకీభవిస్తాడో ఆయన నమూనా ముందుగా అంచనా కడుతుంది; వాస్తవంగా ఏకీభవించిన సంఖ్య ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో, సహజమైన హెచ్చుతగ్గులతో పోల్చి ఒక విలువగా చెబుతుంది. దాన్ని జడ్ విలువ అంటారు. ఆ విలువ 3 అంటే యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం సుమారు 740లో ఒకటి, 5 అంటే సుమారు 35 లక్షల్లో ఒకటి. వినడానికి 740లో ఒకటి అన్నది గట్టి రుజువులాగే ఉంటుంది. అయితే పది లక్షల మంది ఆడే వేదికలో ఏ తప్పూ చేయకుండానే వెయ్యి మూడు వందల మందికి పైగా ఆ గీత దాటుతారు. అందువల్లనే వేరే ఆధారం లేనప్పుడు అంకె చాలా ఎత్తున ఉంటే గాని చర్యకు దిగకూడదన్న జాగ్రత్త వచ్చింది.

ఈ జాగ్రత్త వెనుక ఉన్న లెక్కను ఒక ఉదాహరణతో చూడవచ్చు. మోసం చేసే ఆటగాళ్లు 0.14 శాతం కంటే తక్కువేనని చెస్ డాట్ కామ్ 2022లో పేర్కొంది. ఆ గరిష్ఠ అంకెనే తీసుకుంటే పదివేల మందిలో 14 మంది. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. అది ఆ 14 మందినీ దాదాపుగా పట్టుకుంటుంది. కాని మిగిలిన 9,986 మంది నిజాయితీపరుల్లో ఒక శాతాన్ని, అంటే సుమారు వంద మందిని కూడా దోషులుగా చూపిస్తుంది. వేలెత్తి చూపిన 114 మందిలో నిజంగా తప్పు చేసినవారు ఎనిమిదింట ఒకరు మాత్రమే. కర్నూలు జిల్లా పశ్చిమాన జొన్నగిరి, తుగ్గలి, పెరవలి పొలాల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం నేల మీద కళ్లు పెట్టి తిరిగేవారికి ఈ సూత్రం ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు: వాన కడిగిన చెలకలో మెరిసే రాళ్లు వందల్లో ఉంటాయి, వాటిలో వజ్రం ఎప్పుడో ఒకటి, కనుక మెరుపును చూసి ఎవరూ ధర కట్టరు, రాయిని పరీక్షించి చూస్తారు. అరుదైనదాన్ని వెతికేటప్పుడు ఆనవాలు ఎంత బలంగా కనిపించినా తప్పు చూపేవే ఎక్కువగా ఉంటాయన్న ఈ సత్యాన్ని మరచినందువల్లనే చదరంగంలో ఎన్నో అన్యాయాలు జరిగాయి.

అయితే నేరం స్పష్టంగా తేలిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చూపకూడదు. 2020 సెప్టెంబరులో ప్రో చెస్ లీగ్ ఫైనల్‌లో ఆర్మేనియా జట్టును గెలిపించిన గ్రాండ్‌మాస్టర్ టిగ్రాన్ పెట్రోస్యన్‌ను చెస్ డాట్ కామ్ నియమోల్లంఘన కారణంగా శాశ్వతంగా నిషేధించి, కప్పును ప్రత్యర్థి జట్టుకు ఇచ్చింది. అయిదేళ్ల కిందట దుబాయ్‌లో మరుగుదొడ్డి ఫోన్ మీద ఫిర్యాదు చేసి మోసాన్ని బయటపెట్టినది ఇదే పెట్రోస్యన్ కావడం గమనించదగినది. మన దేశంలో అందరి నోళ్లలో నానిన ఉదంతం 2021 జూన్ 13 నాటిది. కోవిడ్ సాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ పలువురు ప్రముఖులతో ఏకకాలంలో ఆన్‌లైన్‌లో ఆడగా, జెరోధా సహవ్యవస్థాపకులు నిఖిల్ కామత్ ఆయనను ఓడించారు. ఆ ఆటలో కంప్యూటర్ల సాయం, ఆటను విశ్లేషించేవారి సాయం తీసుకున్నట్టు మరునాడే ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. మూసిన కామత్ ఖాతాను వేదిక తరువాత తెరిచింది. పోటీ ఆట కాదు కనుక దాన్ని సరదాగా తీసుకోవాలన్నవారు ఉన్నారు. కాని ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన వ్యక్తిని ఎదుర్కొనే అరుదైన అవకాశాన్ని యంత్రానికి అప్పగించడాన్ని, దేశంలోని ఎందరో పిల్లలు చూశారు. పెద్దవారు చేస్తే చల్లారిపోయే పనిని తాము చేస్తే ఎందుకు అంత నేరమవుతుందన్న ప్రశ్న వారికి కలిగితే తప్పుపట్టలేము.

2022 నాటి వివాదం సమస్యను ప్రపంచ వార్తల పతాక శీర్షికగా మార్చింది. సెప్టెంబరు 4న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సింక్‌ఫీల్డ్ కప్‌లో బల్ల మీది ఆటలో 19 ఏళ్ల హాన్స్ నీమన్ అప్పటి ప్రపంచ విజేత కార్ల్‌సన్‌ను ఓడించగా, మరునాడు కార్ల్‌సన్ కారణం చెప్పకుండా పోటీ నుంచి తప్పుకున్నారు. 12, 16 ఏళ్ల వయసుల్లో ఆన్‌లైన్‌లో మోసం చేసినట్టు నీమన్ స్వయంగా ఒప్పుకున్నారు గాని, బల్ల మీద ఎన్నడూ చేయలేదన్నారు. ఆ నెలలోనే జూలియస్ బేర్ జనరేషన్ కప్ అనే ఆన్‌లైన్ పోటీలో నీమన్‌తో ఆట రాగా కార్ల్‌సన్ ఒక్క ఎత్తు వేసి ఆటను వదిలేశారు. అక్టోబరులో చెస్ డాట్ కామ్ 72 పేజీల నివేదిక విడుదల చేసి, నీమన్ వందకు పైగా ఆన్‌లైన్ ఆటల్లో మోసం చేసి ఉండవచ్చనీ, బల్ల మీది ఆటల విషయంలో నిర్ణాయకమైన ఆధారం లేదనీ చెప్పింది. నీమన్ పది కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ దావా వేయడం, 2023 జూన్‌లో కోర్టు దాన్ని కొట్టివేయడం, ఆగస్టులో ఇరుపక్షాలు రాజీకి రావడం, సింక్‌ఫీల్డ్ ఆటలో మోసం జరిగిందనడానికి నిర్ణాయక ఆధారం లేదని కార్ల్‌సన్ అంగీకరించడం వరుసగా జరిగాయి. ఫిడే నీతి సంఘం ఆ ఏడాది డిసెంబరులో, సరైన కారణం లేకుండా పోటీ నుంచి తప్పుకున్నందుకు కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా వేసి, మిగిలిన అభియోగాలను తోసిపుచ్చింది.

తెలుగు పాఠకుడు ఈ కథలో తప్పక చూడవలసిన పార్శ్వం మరొకటి ఉంది. ఒక్క ఎత్తుతో ఆట ముగిసిన ఆ జూలియస్ బేర్ పోటీలోనే ఫైనల్‌లో కార్ల్‌సన్‌కు ఎదురు నిలిచినది వరంగల్ కుర్రవాడు ఎరిగైసి అర్జున్. ఫైనల్‌లో అర్జున్ ఓడిపోయాడు, కాని ఆ తరువాతి నెలలో ఎయిమ్‌చెస్ ర్యాపిడ్ ఆన్‌లైన్ పోటీలో కార్ల్‌సన్‌పై గెలిచాడు. అదే పోటీలో చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన 16 ఏళ్ల దొమ్మరాజు గుకేశ్ కూడా కార్ల్‌సన్‌ను ఓడించి, ప్రపంచ విజేతగా ఉన్న కార్ల్‌సన్‌పై గెలిచిన అతి పిన్న వయస్కుడయ్యాడు. చదరంగమంతా అనుమానంతో రగిలిపోతున్న నెల అది. అయినా ఈ రెండు విజయాలను లోకం అభినందనలతో స్వీకరించింది. కారణం వెతికితే ఇద్దరి ఆటలోని గొప్పతనంతో పాటు, ఇద్దరూ ఏళ్ల తరబడి దేశవిదేశాల్లో ఆర్బిటర్ల కళ్లెదుట బల్లల మీద ఆడి కూడబెట్టుకున్న రికార్డు, కెమెరాల నిఘాలో జరిగిన పోటీ విధానం కనబడతాయి. అర్జున్ 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటి, గుకేశ్ అదే నెలలో సింగపూర్‌లో ప్రపంచ విజేతై ఆ నమ్మకాన్ని రుజువు చేశారు. విశ్వసనీయత ప్రతిభతో మాత్రమే రాదు. ప్రతిభను నలుగురి ఎదుట చూపే అవకాశాలు దండిగా దొరికినవారికే అది దక్కుతుంది, ఆ అవకాశాలు అందరికీ సమానంగా లేవు.

అనుమానం ఎంత దూరం పోగలదో మాజీ ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ ఉదంతం చెబుతుంది. 2023 నుంచి ఆయన ఆన్‌లైన్ ఆటగాళ్ల గణాంకాలను బహిరంగంగా వల్లెవేస్తూ ఒకరి తరువాత ఒకరిపై అనుమానపు మాటలు విసిరారు. ఆ ఏడాది నవంబరులో గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా 46 బ్లిట్జ్ ఆటల్లో, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసే ఆటల్లో, 45.5 పాయింట్లు సాధించడాన్ని అసాధారణమన్నారు. లెక్క చూస్తే అందులో వింత ఏమీ లేదు: తనకంటే బాగా తక్కువ రేటింగ్ ఉన్నవారితో ఆడుతూ ఒక్కో ఆటలో గెలిచే అవకాశం నూటికి 95 ఉన్న ఆటగాడు వరుసగా 45 ఆటలు గెలిచే అవకాశం దాదాపు పదింట ఒకటి, నూటికి 90 అయినా వందింట ఒకటికి కాస్త తక్కువ. నకమురా వంటివారు వేదికపై వేలకు వేల ఆటలు ఆడతారు కనుక అలాంటి పరంపర ఎప్పుడో ఒకప్పుడు రాకపోతేనే ఆశ్చర్యపడాలి. 2024 జూన్‌లో మాడ్రిడ్‌లో, తాను అనుమానించిన పెరూ మూలాల గ్రాండ్‌మాస్టర్ హోసే మార్టినెజ్‌తో క్రామ్నిక్ ముఖాముఖి పోటీకి దిగారు, మార్టినెజే గెలిచారు. అమెరికా గ్రాండ్‌మాస్టర్, లక్షల మందికి ఆన్‌లైన్‌లో చదరంగ పాఠాలు చెప్పిన డేనియల్ నరోడిట్‌స్కీపై కూడా క్రామ్నిక్ పదేపదే ఇలాంటి మాటలు అన్నారు. ఆ నిందలు తనను ఎంత కుంగదీశాయో నరోడిట్‌స్కీ చివరి రోజుల్లో కూడా చెప్పుకున్నారు. 2025 అక్టోబరులో 29 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. ఆ మరణానికి ఒకే కారణాన్ని అంటగట్టడం తగదు. అయినా ఆ విషాదం తరువాతే ఫిడే క్రామ్నిక్ బహిరంగ వ్యాఖ్యలపై తన నీతి సంఘానికి ఫిర్యాదు చేసింది, రెండేళ్లుగా ఆ పని చేయకపోవడం సమాఖ్య బాధ్యతారాహిత్యమే.

క్రామ్నిక్ గతం తెలిసినవారికి ఇది మరింత బాధ కలిగిస్తుంది. 2006లో ఎలిస్టాలో ప్రపంచ టైటిల్ పోరులో ఆయన విశ్రాంతి గది పక్కనున్న మరుగుదొడ్డికి మాటిమాటికీ వెళుతున్నారని ప్రత్యర్థి టోపలోవ్ పక్షం ఆరోపించగా, నిర్వాహకులు ఆ మరుగుదొడ్డికి తాళం వేశారు, దానికి నిరసనగా క్రామ్నిక్ అయిదో ఆట ఆడక ఒక పాయింటు కోల్పోయారు, చివరకు ర్యాపిడ్ ఆటల్లో గెలిచి టైటిల్ నిలుపుకున్నారు. ఆధారం లేని అనుమానం మనిషిని ఎంతగా గాయపరుస్తుందో స్వయంగా అనుభవించిన వ్యక్తే అదే ఆయుధాన్ని పట్టుకోవడం చూస్తే, ఈ సమస్య వ్యక్తుల మంచితనం మీద వదలదగినది కాదని అర్థమవుతుంది. ఆరోపించే పని, విచారించే పని, తీర్పు చెప్పే పని వేరువేరు చేతుల్లో ఉండాలన్నది న్యాయశాస్త్రంలో పాత సూత్రం. ఆన్‌లైన్ చదరంగంలో వాణిజ్య వేదిక ఒక్కటే ఈ మూడు పనులూ చేస్తున్నది, ఆపైన ఆధారాలను రహస్యంగా ఉంచుతున్నది. రహస్యం ఎందుకంటే పద్ధతి తెలిస్తే మోసగాళ్లు తప్పించుకుంటారన్న జవాబులో నిజం లేకపోలేదు. దాని మూల్యం మాత్రం నిర్దోషే చెల్లిస్తాడు. తప్పు ఒప్పుకుంటే కొత్త ఖాతా ఇస్తామన్న విధానం నిజంగా తప్పు చేసినవారికి దారి చూపుతుంది గాని, చేయనివాడు అబద్ధపు ఒప్పుకోలుకు సిద్ధపడితే తప్ప ఆటలోకి తిరిగి రాలేని ఇరకాటంలో పడతాడు.

ఈ ఇరకాటం గొప్ప ఆటగాళ్ల కంటే ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వంటి ఊళ్ల పిల్లలకు ఎక్కువ ప్రమాదకరం. ఫిడే రేటింగ్ సంపాదించాలంటే గుర్తింపు పొందిన పోటీల్లో రేటింగ్ ఉన్నవారితో బల్ల మీద కనీసం అయిదు ఆటలు ఆడాలి. అలాంటి పోటీలు ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో జరుగుతాయి, ప్రయాణం, బస, ప్రవేశ రుసుము కలిపితే వానను నమ్ముకున్న కుటుంబానికి, సుగ్గికి గుంటూరు మిరప చేలకు వలస వెళ్లే కుటుంబానికి ఆ ఖర్చు భారమే. వారికి అందుబాటులో ఉన్న హాలు చేతిలోని ఫోనే. అక్కడ ఆరునెలలు పట్టుదలగా ఆడి, పజిళ్లు చేసి, యూట్యూబ్ పాఠాలు చూసిన పిల్లవాడి రేటింగ్ మూడు నాలుగు వందలు పెరగడం సహజం. అయితే ఆకస్మిక పెరుగుదల అనుమానపు సూచికల్లో ఒకటి; నగరపు పిల్లవాడి విషయంలో బల్ల మీది రికార్డు సాక్ష్యం చెబుతుంది, ఊరి పిల్లవాడికి సాక్ష్యం చెప్పేవారు ఎవరూ ఉండరు. అఖిల భారత సమాఖ్య 2021లో వయోవిభాగాల జాతీయ పోటీలను ఆన్‌లైన్‌లో నిర్వహించినప్పుడు ఒకటికి రెండు కెమెరాలు, నిలకడైన ఇంటర్నెట్, నిశ్శబ్దమైన గది ఉన్నవారే నిబ్బరంగా ఆడగలిగారు. ఒకే గదిలో కుటుంబమంతా ఉండే ఇంట్లో పక్కన ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ రాకూడదు అన్న నియమం పాటించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

పరిష్కారాల్లో కొన్ని ఇప్పటికే అమల్లోకి వస్తున్నాయి. బహుమతి సొమ్ము ఉన్న ఆన్‌లైన్ పోటీల్లో కెమెరా, తెర పంచుకోవడం, ఆటగాడి యంత్రాన్ని పర్యవేక్షించే ప్రోగ్రాము తప్పనిసరి అవుతున్నాయి. బల్ల మీది పెద్ద పోటీల్లో ప్రత్యక్ష ప్రసారాన్ని పావుగంట ఆలస్యంగా చూపడం, ప్రవేశద్వారం వద్ద పరికరాలతో తనిఖీ చేయడం మామూలయ్యాయి. ఇవి శిఖరాన ఉన్నవారిని కాపాడతాయి. అడుగున ఉన్నవారికి కావలసినవి ఇంతకంటే సాదా పనులు. మండల కేంద్రంలో ఒక బడి హాలును నెలకొకసారి తెరిచి, జిల్లా సంఘం నుంచి ఒక ఆర్బిటర్ వచ్చి, ఆన్‌లైన్‌లో ఆడే పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి అవే వేదికలపై, తరువాత బల్లల మీద ఆడిస్తే, ఆ ఆటలు ప్రతి పిల్లవాడికీ సాక్ష్యంగా నిలుస్తాయి. ఆ హాల్లో 1500 బలంతో ఆడినవాడు ఇంట్లోనూ 1500 బలంతో ఆడుతున్నాడంటే ఏ గణాంకమూ అతన్ని అంత తేలిగ్గా దోషిగా నిలబెట్టలేదు, ఇంట్లో 2200, హాల్లో 1200 అయితే విషయం కోచ్‌కే తెలిసిపోతుంది, నలుగురిలో పరువు తీయకుండా మందలించి సరిదిద్దవచ్చు. పదకొండేళ్ల పిల్లవాడు గెలవాలన్న ఆత్రంలో అన్న ఫోన్‌లో ఇంజన్ తెరిచి చూడటం, అప్పటికి అతనికి దాని బరువు తెలియకపోవడం అరుదు కాదు. నీమన్ విషయంలో బాల్యంలోని తప్పు ఏళ్ల తరబడి వెంటాడిన తీరును కోచ్‌లు తరగతిలో చెప్పడం అవసరం. ఇక ఖాతా మూసివేతపై అప్పీలు చేసుకునేవారు ఇంగ్లీషులో ఒక ఫారం నింపి జవాబు కోసం ఎదురుచూడటం తప్ప ఏమీ చేయలేని స్థితిలో, ఆంధ్ర చెస్ అసోసియేషన్ వంటి రాష్ట్ర సంఘాలు తమ వద్ద నమోదైన బాలబాలికల పక్షాన వేదికలతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే ఒక సభ్యుణ్ని నియమించడం ఖర్చు లేని పని, వారి బల్ల మీది ఆటల రికార్డును, హాజరును, కోచ్ వాఙ్మూలాన్ని జతచేసి పునర్విచారణ కోరే అధికారం ఆ సభ్యుడికి ఇవ్వవచ్చు.